మక్క చేను పక్కనే ఇల్లు, తాగేదీ అదే బోరు... పిల్లల కోసం చూస్తున్నాం, ఏం చేయమంటారు?

శంకర్‌పల్లి దాటాక ఉండే ఒక ఊరి నుంచి వచ్చిందీ ఉత్తరం. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఆవిడకి 29 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం, పెళ్లయి మూడేళ్లు దాటింది. భర్తదీ ప్రైవేటు ఉద్యోగమే కానీ కూలీలు దొరక్కపోవడంతో ఆదివారాలు పొలంలో మందు కొట్టే పని ఆయన మీద పడింది. మామగారికి నాలుగెకరాలు, సగం మక్క, మిగతా సగంలో టమాట, బెండ, కొంచెం కొత్తిమీర. ఇల్లు చేను గట్టుకి ఆనుకునే ఉంది, తాగడానికీ చేనుకి పారించడానికీ ఒకే బోరు.

ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నారు. ఆవిడ టెస్టులన్నీ నార్మల్. పోయిన నెల భర్తకి వీర్య పరీక్ష చేయిస్తే కౌంట్ మిల్లీలీటరుకి 9 మిలియన్లు అని వచ్చింది. "ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దు" అన్నాడాయన. ఇంట్లో అందరూ లోపం ఈవిడలోనే ఉందనుకుంటున్నారు, అత్తగారు చిలుకూరు తీసుకెళ్లి 11 ప్రదక్షిణలు చేయించారు, ఈవిడ నోరెత్తకుండా తిరిగొచ్చింది. తర్వాత నెట్‌లో అట్రాజిన్ గురించి, మగ కప్పలు ఆడ కప్పలైపోయిన సంగతి గురించి చదివింది. వాళ్ల మక్కకి కొట్టే గడ్డి మందు సరిగ్గా అదే. అన్నాల దగ్గర ఈ మాటెత్తితే మామగారు, "ముప్పై ఏళ్ల సంది కొడుతున్న, నాకు ముగ్గురు పుట్టలేదా?" అన్నారట. భర్త కంచంలోంచి తల ఎత్తలేదట. అప్పట్నుంచి ఈవిడ ఇంట్లో కూరగాయలు మానేసి యాప్‌లో ఆర్గానిక్ తెప్పించుకుంటోంది, మన చేను కూరలు పనికిరాకుండా పోయాయా అని అత్తగారు మాట్లాడటం మానేశారు.

ఆవిడ అడిగినవి నాలుగు. ఇదంతా మందుల వల్లేనా, చందానగర్‌లో ఇల్లు అద్దెకి తీసుకుని వెళ్లిపోవాలా, మామగారి చేత మందులు మాన్పించడం ఎలా, రిపోర్ట్ సంగతి ఇంట్లో చెప్పాలా వద్దా.

అమ్మా, మీ ఉత్తరంలో మీరు మధ్యలో ఎక్కడో మామూలుగా రాసేసి వదిలేసిన మూడు ముక్కలు నన్ను కప్పల కంటే ఎక్కువ ఆపాయి. ఆయన మందు కొట్టి వచ్చేసరికి చొక్కా వీపంతా తడిసి ఉంటుందనీ, ఆ చొక్కా అందరి బట్టలతో పాటే మెషీన్‌లో పడుతుందనీ, ఖాళీ అయిన ఐదు లీటర్ల మందు క్యాన్ పైభాగం కోసి బాత్రూంలో మగ్గులాగా వాడుతున్నారనీ రాశారు. వాటి దగ్గరికి వస్తాను, ముందు మీ మొదటి ప్రశ్న చూద్దాం.

ఒక్క మనిషిని చూపించి "ఈయనకి కౌంట్ తగ్గింది ఫలానా మందు వల్లే" అని తేల్చే టెస్టు ఏదీ లేదు. రక్తంలో, మూత్రంలో అట్రాజిన్ చూపించుకుందామా అని కూడా అడిగారు, డబ్బు దండగ, అది ఒంట్లోంచి కొద్ది రోజుల్లోనే వెళ్లిపోతుంది, కనిపించకపోతే ఎప్పుడూ తగల్లేదని కాదు, కనిపిస్తే దానివల్లే ఇలా అయిందనీ కాదు. పైగా కౌంట్ తగ్గడానికి వేరే కారణాలు బోలెడు, వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం (వేరికోసీల్ అంటారు, ఆపరేషన్‌తో బాగయ్యే అవకాశం ఉంటుంది), సిగరెట్, గుట్కా, షుగర్, ఆఖరికి టెస్టుకి ముందు రెండు మూడు నెలల్లో వచ్చిన గట్టి జ్వరం. పోయిన సీజన్‌లో ఆయనకి డెంగీ లాంటిదేమైనా వచ్చిందేమో గుర్తు చేసుకోండి. ఒక్క రిపోర్ట్ చూసి ఏదీ తేల్చరు, రెండోసారి చేయించాల్సిందే. ఇంకో సంగతి, డబ్ల్యూహెచ్ఓ లెక్కలో 16 మిలియన్లు కింది గీత, అంతకంటే తక్కువుంటే పిల్లలు పుట్టరని దాని అర్థం కాదు, ఏడాది లోపే తండ్రులైన మగవాళ్లలో కూడా నూటికి ఐదుగురు ఆ గీత కిందే ఉన్నారు. 9 తక్కువే, కానీ తలుపు మూసుకుపోలేదు. ఆయన్ని ముందు యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, ఇన్నాళ్లూ మీరొక్కరే గైనకాలజిస్టుల చుట్టూ తిరిగారు కదా.

మరి మందుల మీద అనుమానం ఉత్తదేనా అంటే కాదు. 1977లో కాలిఫోర్నియాలో లాత్రప్ అనే ఊళ్లో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటుంటే తేలిన సంగతి, వాళ్లలో చాలామందికి పిల్లలు పుట్టట్లేదు. టెస్టులు చేస్తే కొందరిలో వీర్యకణాలే లేవు. డీబీసీపీ అని నేలలో నులిపురుగులకి వేసే మందు అది. ఆ కార్మికులకి ఒంట్లో ఇంకే నలతా లేదు, తిన్నారు, పనిచేశారు, బాగానే ఉన్నారు. మామగారి మాటకి అసలు జవాబు ఇదే, నాకేం కాలేదు అని మనిషికి అనిపించడం వీర్యం విషయంలో సాక్ష్యం కాదు. తర్వాత ఆ మందుకి దూరమయ్యాక కొందరికి కణాలు తిరిగొచ్చాయి, మరీ ఎక్కువకాలం తగిలినవాళ్లలో కొందరికి రాలేదు.

అట్రాజిన్ విషయానికొస్తే, 2003లో షానా స్వాన్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలో మిస్సోరీ పల్లె ప్రాంతపు మగవాళ్ల మూత్రం చూస్తే, వీర్యం బలహీనంగా ఉన్నవాళ్లలో అలాక్లోర్, డయాజినాన్, అట్రాజిన్ ఆనవాళ్లు ఎక్కువగా కనిపించాయి. సంబంధం ఉందని చూపిస్తుందే గానీ కారణం అదేనని నిరూపించదు. మీరు చదివిన కప్పల పరిశోధన టైరోన్ హేస్‌ది, 2010లో వచ్చినదాన్లో లీటరు నీళ్లకి 2.5 మైక్రోగ్రాముల అట్రాజిన్‌లో పెంచిన మగ కప్పల్లో పదింట ఒకటి గుడ్లు పెట్టే స్థాయికి మారింది. దాని మీద గొడవలు ఇప్పటికీ ఉన్నాయి, అమెరికా పర్యావరణ సంస్థ అప్పట్లో ఆయన తొలి పరిశోధనలనే ఒప్పుకోలేదు. యూరప్ మాత్రం ఈ చర్చ తేలేదాకా ఆగలేదు, భూగర్భ జలాల్లో కనిపిస్తోందని 2000ల మొదట్లోనే దాన్ని పక్కన పెట్టేసింది. నా మటుకు నాకు యూరప్ చేసిందే సబబనిపిస్తుంది, పిల్లల కోసం చూస్తున్న ఇంట్లో అయితే మరీ.

"ప్రమాదమైతే గవర్నమెంటు అమ్మనిస్తదా" అని మామగారు అనే ఉంటారు, అనకపోయినా రేపో మాపో అంటారు. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందుని సుప్రీంకోర్టు 2011లో ఆపింది, అప్పటిదాకా షాపుల్లో దర్జాగా అమ్మారు, మీ మామగారు కూడా ఏ పత్తికో కొట్టే ఉంటారు. 2020లో కేంద్రం 27 మందుల్ని నిషేధిద్దామని ముసాయిదా వేస్తే అందులో అట్రాజిన్ ఉంది, టమాట తెగుళ్లకి మీవాళ్లు కొట్టే ఎం-45, అంటే మాంకోజెబ్ కూడా ఉంది. 2023కి వచ్చేసరికి డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్ ఆగాయి, అట్రాజిన్, మాంకోజెబ్ రెండూ ఇంకా షాపులోనే ఉన్నాయి. అమ్ముతున్నారు అంటే ఇంకా ఆపలేదు అనే అర్థం, అంతకు మించి ఏం లేదు.

డబ్బా మీద త్రికోణం సంగతి చాలామంది చదువుకున్నవాళ్లకీ తెలియదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అని నాలుగు రంగులుంటాయి కదా, అది మింగినా, ఒంటికి తగిలినా ఎంత కొద్ది మోతాదుతో ప్రాణం పోతుందో చెప్పే లెక్క, అంతే. ఎలుకల మీద చూసి వేసిన రంగు. మందు ఒంట్లో హార్మోన్ల పనిని చెడగొడుతుందా అన్నదాని జోలికి అది పోదు. మాంకోజెబ్ మీద ఆకుపచ్చే ఉంటుంది, కానీ అది విరిగినప్పుడు వచ్చే ఈటీయూ అనే పదార్థం థైరాయిడ్ పనిని అడ్డుకుంటుంది, ఈ హార్మోన్ల గొడవ మీదే యూరప్ 2020 చివర్లో మాంకోజెబ్‌కి లైసెన్స్ పొడిగించలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతేనే చెడుతుంది, చిటికెడుతో ఏం కాదు అన్న లెక్క హార్మోన్ల దగ్గర నడవదు, ఒంట్లో హార్మోన్లు ఉండేదే అతి కొద్దిగా, కాబట్టి ఎంత తగిలింది అన్నదానితో పాటు ఎప్పుడు తగిలింది అన్నది కూడా పెద్ద విషయం. యాభై దాటిన మామగారికి తగలడం వేరు, పిల్లల కోసం చూస్తున్న మీ ఆయనకి తగలడం వేరు, కడుపులో రెండో నెల బిడ్డకి తగలడం ఇంకా వేరు.

ఇంతా రాశాను గానీ ఇవేవీ మామగారికి చదివి వినిపించమని కాదు. అన్నాల దగ్గర ఈ వాదన మీరు గెలవరు, గెలవాల్సిన పని కూడా లేదు. మీ ఇంట్లోకి మందు వచ్చే దారులు ఒక నాలుగైదు ఉన్నాయి, వాటిలో చాలామటుకు ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మూసేయొచ్చు.

అన్నిటికంటే పెద్దది ఆ తడిసిన చొక్కా. తైవాన్ పంపో, వీపున మోసే బ్యాటరీ పంపో, మూత దగ్గర వాషర్ అరిగితే మందు నీళ్లు కారుతుంటాయి, వీపు మీంచి నడుముకి, అక్కడి నుంచి లోపలి బట్టల్లోకి. సిగ్గుపడకుండా చెప్తున్నా, పారాథియాన్ అనే పురుగుమందుతో ఎప్పుడో చేసిన కొలతల్లో ముంజేతి చర్మం కంటే వృషణాల మీది చర్మం పది రెట్లకు పైగా ఎక్కువ పీల్చుకుంది. కౌంట్ తక్కువొచ్చిన మనిషి ప్రతి ఆదివారం గంటల తరబడి అక్కడ తడిసిన బట్టతో తిరుగుతున్నాడు. వాషర్ ఖరీదు చాలా తక్కువ, కానీ మనవాళ్లు పంపు పాడైతే గుడ్డ చుట్టి నడిపిస్తారు గానీ వాషర్ మార్చరు, ఇదెక్కడి పొదుపో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నా సలహా అడిగితే వచ్చే కొన్ని నెలలు ఆయన పంపు ఎత్తకపోవడమే మేలు. వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, కాబట్టి ఈ రోజు మానేస్తే దాని ఫలితం మూడు నెలల తర్వాతి టెస్టులో కనిపించొచ్చు, కనిపించకనూ పోవచ్చు, కానీ మానకుండా చేయించే టెస్టుతో ఏమీ తెలియదు. దీనికి ఖర్చుంది, కూలీ మనిషిని పెట్టాలి, ఊళ్లో పంపుకింత అని కొట్టేవాళ్లుంటారు, ఇప్పుడు చాలాచోట్ల డ్రోన్ వాళ్లూ వస్తున్నారు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, ఆ కూలీకీ ఒళ్లుంది, ఆయనకీ చేతి తొడుగులు మీరే ఇవ్వాలి, కారే పంపు ఆయన వీపుకి తగిలించడం న్యాయం కాదు. డ్రోన్ అయితే గాలికి చుక్కలు దూరం కొట్టుకుపోతాయి, గట్టు పక్కనే ఇల్లు కాబట్టి గాలి లేని పొద్దున పూట, కిటికీలు మూసి, బట్టలు తీగ మీద లేకుండా చూసుకుని కొట్టించాలి.

తప్పక ఆయనే కొట్టాల్సి వస్తే, ముఖ్యమైన నిమిషాలు కొట్టేటప్పుడు కాదు, కలిపేటప్పుడు. డబ్బాలో ఉన్నది చిక్కటి మందు, పంపులో ఉన్నది నీళ్లు కలిపింది. మూతతో కొలిచి, చేత్తో పొడి వంచి, వేప పుల్లతో తిప్పుతారే, ఆ కాసేపు చేతులకి నైట్రైల్ అనే రబ్బరు తొడుగులు ఉండాలి, గుడ్డ తొడుగులు తడిస్తే ఇంకా చేటు. ముక్కుకి కట్టే రుమాలు మందు ఆవిరిని ఆపదు. ఏప్రిల్ ఎండలో ఒళ్లంతా ప్లాస్టిక్ సూటు వేసుకోమని చెప్పే పుస్తకాలు రాసినవాళ్లు ఆ ఎండలో నిలబడి చూడాలి, నేనైతే ఆ మాట చెప్పను, నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, కారని పంపు, గాలికి ఎదురు నడవకపోవడం, ఇవి జరిగితే చాలావరకు తగ్గుతుంది. ఇంటికి రాగానే బయటే, బోరుకి దూరంగా స్నానం, ఆ బట్టలు విడిగా బకెట్‌లో, రెండుసార్లు, ఆయనే ఉతుక్కోవాలి, మీరు వద్దు, అత్తగారూ వద్దు. ఇక ఆ మగ్గు, ఆ క్యాన్ మగ్గు, దయచేసి ఇవాళే తీసేయండి. ఎంత కడిగినా ఆ ప్లాస్టిక్ మందుని పట్టుకునే ఉంటుంది. మూడుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్లు పంపులోనే పోసి, క్యాన్‌కి చిల్లు పెట్టాలి, చిల్లు పెడితేనే ఇంకెవరూ ఇంట్లోకి తెచ్చుకోరు.

రెండో దారి బోరు. మందు ఎక్కడ కలుపుతారో మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను, నీళ్లు అక్కడే ఉంటాయి కాబట్టి బోరు దగ్గరే కలుపుతారు. ఒలికింది అక్కడే ఇంకుతుంది, కేసింగ్ పక్క నుంచి కిందికి దిగుతుంది. డ్రమ్ములో పైపు ముంచి పెట్టి మోటారు ఆపితే డ్రమ్ములో మందు నీళ్లు వెనక్కి బోరులోకి లాక్కుపోయే ప్రమాదం కూడా ఉంది, పైపు ఎప్పుడూ నీటి మట్టానికి పైనే ఉండాలి. కలిపే చోటుని బోరుకి దూరంగా, పల్లానికి జరపండి. ఇది మామగారికి చెప్పడం తేలిక, బోరు పాడవుతుందంటే ఏ రైతైనా వింటాడు.

తాగడానికి మాత్రం ఆ బోరు మానేయమనే అంటాను. మీ ఊరికి మిషన్ భగీరథ నల్లా ఉండే ఉంటుంది, బోరు నీళ్లే తియ్యగా ఉంటాయని చాలా ఇళ్లలో దాన్ని గిన్నెలు కడగడానికి వదిలేస్తారు, మీ ఇంట్లో తిరగేయండి, నల్లా నీళ్లు తాగడానికి, బోరు నీళ్లు గిన్నెలకి. కాచితే మందులు పోతాయని అనుకుంటారు, పోవు, నీళ్లు ఆవిరై మందు ఇంకాస్త చిక్కబడుతుంది. కార్బన్ ఫిల్టర్, ఆర్ఓ రెండూ అట్రాజిన్‌ని బాగానే పట్టుకుంటాయి, కాకపోతే కార్బన్ కాట్రిడ్జ్ టైముకి మార్చాలి, ఏళ్ల తరబడి మార్చని ఫిల్టర్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

టెస్టు చేయించాలనుంటే ఒంటికి కాదు, నీళ్లకి చేయించండి. మామూలు వాటర్ టెస్టులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), ఫ్లోరైడ్, బ్యాక్టీరియా చూస్తారు, మందులు అందులో రావు. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి ఫోన్ చేసి "పురుగుమందుల అవశేషాలు, అందులో అట్రాజిన్ ఉందా" అని ముందే అడగాలి, సిటీలో అలాంటివి చాలానే ఉన్నాయి. మక్క విత్తి గడ్డి మందు పడ్డాక, మొదటి పెద్ద వానలు కురిసిన తర్వాత నీళ్లు పట్టండి, ఎండాకాలంలో పడితే అసలు సంగతి తెలియదు. తాగునీటికి మన దేశ ప్రమాణం, ఐఎస్ 10500, లీటరుకి 2 మైక్రోగ్రాముల అట్రాజిన్ దాకా ఒప్పుకుంటుంది, అమెరికా 3, యూరప్ 0.1. రిపోర్టులో 1 వస్తే ఇక్కడ పాస్, అక్కడ ఫెయిల్ అన్నమాట. 0.1 దాటితే ఆ నీళ్లు గర్భంతో ఉన్నప్పుడు తాగకండి అంటాను నేను, చట్టం అనదు.

ఇక కూరగాయల గొడవ. మీ లిస్టులో ఇది మొదట ఉంది, నా లిస్టులో చివర్న ఉంది. మందు కొట్టే చేతుల ద్వారా, బట్టల ద్వారా వచ్చేదాని పక్కన కూరలో వచ్చేది చిన్నది. పైగా మీకు ఊళ్లో ఎవరికీ లేని సౌకర్యం ఉంది, బోయిన్‌పల్లి మార్కెట్లోనో మెహిదీపట్నం రైతు బజార్లోనో కొనేవాళ్లకి టమాట మీద ఎప్పుడు ఏం కొట్టారో తెలియదు, మీకు తెలుసు. లేబుల్ మీద కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో ఉంటుంది, ఆ రోజులు ఆగిన మీ టమాట కంటే యాప్‌లో ఊరూ పేరూ లేని ఆర్గానిక్ గొప్పదేం కాదు, ఆర్గానిక్ అని ధ్రువీకరించే జైవిక్ భారత్ గుర్తో పీజీఎస్ గుర్తో లేకపోతే నాచురల్, ఫార్మ్ ఫ్రెష్ అన్న మాటలకి విలువ లేదు. అసలు చాలామంది రైతులు అమ్మకానికి ఒక మడి, ఇంటికి ఒక మడి వేరుగా పెట్టుకుంటారు, ఈ మాట బయట ఒప్పుకోరంతే. అత్తగారిని అడగండి, "అత్తమ్మా, మన తిండికి రెండు సాళ్లు మందు లేకుండా నువ్వే పెట్టు, నాకు నీ చేతి కూరలే కావాలి" అని. యాప్ ఆర్డర్ ఆపేయండి. ఆకుకూరలు, కొత్తిమీర, బెండ లాంటివి ఉప్పు నీళ్లలోనో వంటసోడా కలిపిన నీళ్లలోనో పావుగంట ఉంచి బాగా కడిగితే పైన ఉన్నది చాలావరకు పోతుంది, మొక్క లోపలికి పీల్చుకున్న రకం మందు పోదు, దానికి ఆగి కోయడం ఒక్కటే దారి.

చందానగర్ వెళ్లిపోవాలా? వెళ్తే బోరు నీళ్ల బాధ, గాలికొచ్చే చుక్కల బాధ పోతుంది, ఆఫీసు దగ్గరవుతుంది, ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు, అది కూడా చిన్న విషయం కాదు. కానీ ఆయన ప్రతి ఆదివారం వచ్చి పంపు ఎత్తేటట్టయితే మీరు మార్చింది బట్టలు ఉతికే చోటుని మాత్రమే. అపార్ట్‌మెంట్లో బొద్దింకలకని నెలనెలా స్ప్రే, రాత్రంతా దోమల మెషీన్, అవీ పురుగుమందులే. అద్దె ఒక పక్క, ఇల్లు విడగొట్టిందన్న మాట ఇంకో పక్క. అందుకని వెళ్లాలో వద్దో పంపు సంగతి తేలాక చూసుకోండి, ముందు కాదు. గర్భం నిలిస్తే మాత్రం లెక్క మారుతుంది. మొదటి మూడు నెలల్లోనే బిడ్డ జననాంగాలు ఏర్పడేది, బిడ్డ సొంత థైరాయిడ్ సరిగ్గా పనిచేసేదాకా మీ థైరాయిడే దిక్కు. ఆ రోజులు మక్క విత్తే జూన్, జులైలో పడితే కొన్ని వారాలు పుట్టింటికి వెళ్లిపోండి, మొదటి కాన్పుకి ముందుగానే వెళ్లిందంటే ఎవరూ ఏమీ అనుకోరు. అయోడిన్ ఉప్పు మానొద్దు, రాళ్ల ఉప్పు మంచిదని ఎవరైనా చెప్పినా సరే, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష మొదట్లోనే చేయించుకోండి.

మామగారి చేత మందులు మాన్పించడం... అన్నీ ఒకేసారి మానమంటే ఏదీ మానరు, మానితే ఆ సీజన్ దిగుబడి పడిపోయి మళ్లీ ఇంకెప్పుడూ మీ మాట వినరు. ఇంకో చిక్కు, చాలామంది రైతుల్లాగే ఆయనకీ మందుల షాపులో ఉద్దెర ఉండుంటుంది, ఏం కొట్టాలో చెప్పేది ఆ షాపాయనే, పంట వచ్చాక డబ్బు కట్టేదీ ఆయనకే, డాక్టరూ ఆయనే మెడికల్ షాపూ ఆయనే. ఆ ఉద్దెర తీర్చేదాకా మామగారికి నిజంగా చేతులు కట్టేసినట్టే. మీ ఇద్దరి జీతాల్లోంచి ఒక సీజన్‌కి ఆ బాకీ సర్దగలిగితే వంద ఉపన్యాసాల కంటే ఎక్కువ పని చేస్తుంది.

మొదట అడగాల్సింది అట్రాజిన్ ఒక్కటే. మక్కలో గడ్డి పోటీ ముఖ్యంగా మొదటి ముప్పై నలభై ఐదు రోజులే, ఆ టైములో గుంటుక తోలడమో పవర్ వీడర్ అద్దెకి తెచ్చుకోవడమో, సాళ్ల మధ్య బొబ్బరో కందో వేసి నేల కప్పేయడమో చేస్తే గడ్డి మందు లేకుండా నడుస్తుంది, కూలీ ఖర్చు పెరుగుతుంది, అది దాచొద్దు. ఎకరంలో చేసి చూద్దామనండి, రెండెకరాలూ అనొద్దు. టమాటలో మల్చింగ్ షీటు, కర్రల ఊతం ఉంటే ఆకులు నేలకి తగలక తెగుళ్లు తగ్గుతాయి, కాయ తొలిచే పురుగుకి సాళ్ల మధ్య బంతి, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, వేప గింజల కషాయం. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ యూనివర్సిటీ ఉంది, జాతీయ మొక్కల ఆరోగ్య సంస్థ ఎన్ఐపీహెచ్ఎం కూడా అక్కడే ఉంది, మామగారిని బండి మీద తీసుకెళ్లి వాళ్లతో మాట్లాడించండి, కోడలు చెప్పినదానికంటే సైంటిస్టు చెప్పింది వింటారు, అది మీ తప్పు కాదు, ఇళ్లన్నీ అంతే. జనగామ జిల్లాలో ఏనెబావి అని చిన్న ఊరు, ఊరంతా కలిసి 2000ల మధ్యలోనే పురుగుమందులు మానేసింది, రైతు మాట రైతు నోటితో వినాలంటే అక్కడికి వెళ్లి రావచ్చు. షాపులో "బయో" అని అమ్మే డబ్బాలతో మాత్రం జాగ్రత్త, లోపల ఏం కలిపారో రాయనివి చాలా పట్టుబడ్డాయి, బిల్లు ఇవ్వని మందు కొననే కొనొద్దు.

చివరిది రిపోర్ట్. ఇది చెప్పాల్సింది మీరు కాదు, ఆయన. కానీ ఆయన నోరు విప్పనంత కాలం నింద మీరు మోస్తున్నారు, అది ఎన్నాళ్లు మోయగలరో మీకే తెలియాలి. మొత్తం చెప్పేస్తే మీ మీది మాట పోతుంది, మామగారికి విషయం తన కొడుకుదని తెలిస్తే అట్రాజిన్ సంగతి అప్పటికప్పుడు తేలిపోవచ్చు కూడా, కాకపోతే మీ ఆయన నామోషీగా ఫీలయి మీ మీద మూతి ముడుచుకోవచ్చు, ఊళ్లో పాకనూ వచ్చు. అసలు చెప్పకపోతే ఆయన పంపు ఎందుకు దించాడో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, రెండు వారాల్లో మళ్లీ ఎత్తాల్సి వస్తుంది. మధ్యలో ఒక దారుంది, యూరాలజిస్టు దగ్గరికి ఇద్దరూ వెళ్లి మందుల సంగతి, తడిసిన చొక్కా సంగతి ఆయన ముందు విప్పి చెప్పండి, మందులకి దూరంగా ఉండమని డాక్టర్ అంటే, ఆ మాట మీ ఆయనే వాళ్ల నాన్నతో చెప్పొచ్చు, "ఇద్దరికీ టెస్టులవుతున్నాయి, నన్ను కొన్నాళ్లు మందు కొట్టొద్దన్నారు" అని. అందులో అబద్ధం లేదు, ఇద్దరికీ అన్న ఒక్క ముక్కతో మీ భుజం మీది బరువు సగం దిగుతుంది. ఆయన అది కూడా చెప్పనంటే, అప్పుడు అత్తగారితో ఒంటరిగా ఉన్నప్పుడు మీ టెస్టులన్నీ నార్మల్ అని మీ గురించి మీరు చెప్పుకోండి, ఆయన రిపోర్ట్ ఊసెత్తకుండానే. అంతవరకు మీ హక్కు.

ఈ జవాబు మీ ఆయనతో చదివించండి. మొత్తం చదివే ఓపిక లేదంటే పంపు లీకేజీ గురించి రాసిన పేరా ఒక్కటి చాలు.